గ్యాస్ లైటు డబ్బాతో చేసిన ఆవిరి ఇంజను

నమ్మకపోవడం

బాయిలర్ ఇన్‌స్పెక్టరు పని ఏమిటని ఎవరైనా అడిగితే, నమ్మకపోవడం అని చెబుతాను. మిగతావన్నీ నేర్చుకుంటే వచ్చేవే. సుత్తితో రేకు మీద కొట్టి చప్పుడు వినడం, బాయిలర్ లోపలికి పాకి వెళ్లి తుప్పు గీకి చూడడం, చన్నీళ్లు నింపి పంపుతో ఒత్తిడి పెంచి ఎక్కడ చెమరుస్తుందో చూడడం, ఇవి ఏడాది తిరిగేసరికి చేతికి వస్తాయి. కానీ కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, పిల్లల బాగోగులు అడిగిన మనిషి "అంతా బాగానే ఉంది సారూ" అన్నాక ఆ మాటను పక్కన పెట్టి నిచ్చెన ఎక్కడం తేలిక కాదు. మర్యాద అడ్డొస్తుంది. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవాళ్ల కోసం రాస్తున్నాను కనుక మొదటే చెబుతున్నాను. ఆ మర్యాదను గేటు దగ్గరే వదిలి లోపలికి వెళ్లండి. మజ్జిగ తాగాలంటే నిచ్చెన దిగాక తాగండి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన సంవత్సరమే నేను హైదరాబాదులో ఉద్యోగంలో చేరాను. నా పై అధికారి మిర్జా సాబ్ నైజాం కాలం నుంచి బాయిలర్ల మధ్యే బతికిన మనిషి. చేరిన కొత్తలో నన్ను ఒక జిన్నింగు మిల్లుకు వెంట తీసుకెళ్లాడు. నిన్ననే మంట తీసేశామని, బాయిలరు పూర్తిగా చల్లారిందని యజమాని చెప్పాడు. మీటరు ముల్లు కూడా సున్నా మీదే ఉంది. నేను మూత బోల్టు విప్పబోతుంటే మిర్జా సాబ్ నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. వేళ్లు నీళ్లలో ముంచి రేకు మీద చిలకరించాడు. చుక్కలు చుయ్యిమని ఎగిరిపోయాయి. ముల్లు ఇరుక్కుపోయి ఉంది. ఆ మూత తీసి ఉంటే నా ముఖం దక్కేది కాదు.

"మీటరు ఝూట్ చెప్తది బేటా," అన్నాడు. "చెప్పేటోడు ఇంకా పెద్ద ఝూట్ చెప్తడు. చెయ్యి పెట్టే ముందట నువ్వే చూసుకో."

ఆ యజమాని కావాలని అబద్ధమాడాడా, లేక అతనికే తెలియదా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. మిర్జా సాబ్‌కు ఆ తేడాతో పని లేదు. అందుకే ఆయన గొప్ప ఇన్‌స్పెక్టరు. ఇంట్లో ఆయనతో వేగడం మాత్రం కష్టమని వాళ్లబ్బాయే ఒకసారి నాతో అన్నాడు. రెండూ నిజమే. ఈ పని మనిషిని అలాగే తయారు చేస్తుంది.

పెళ్లిచూపుల నాటి బాయిలర్లు

సాగర్ కాలువ నీళ్లు వచ్చాక మిర్యాలగూడ చుట్టూ మిల్లుల మీద మిల్లులు లేచాయి. నిడమనూరు వైపు నుంచి, పెద్దవూర వైపు నుంచి ఒడ్ల బండ్లు బారులు కట్టి వచ్చేవి. ఉప్పుడు బియ్యం చేయాలంటే ఒడ్లు ఉడకాలి, ఉడకాలంటే ఆవిరి కావాలి. కొత్త బాయిలరు వచ్చేదాకా ఆగే ఓపిక ఎవరికీ లేదు. కోస్తా జిల్లాల్లో మూలపడి ఉన్న పాత బాయిలర్లను లారీల మీద కోదాడ మీదుగా తెచ్చి బిగించారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మిల్లులన్నీ అప్పుడు నా పరిధిలో ఉండేవి. నేను సూర్యాపేటలో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాణ్ని.

మా తనిఖీలో ఒక పెద్ద లోపం ఉంది. వస్తున్నామని ముందే చెప్పాలి. చెప్పకపోతే బాయిలరు వేడిగా ఉంటుంది, లోపలికి దిగలేం. చెబితే ఆ రోజుకు బాయిలరు కడిగి, రంగు పూసి, అన్నీ బిగించి పెడతారు. పెళ్లిచూపుల నాడు పిల్లను చూసినట్టే ఉంటుంది మా చూపు. మరునాటి నుంచి ఆ బాయిలరు ఎలా కాపురం చేస్తుందో మాకు తెలియదు.

నాకు అన్నిటికంటే అనుమానం సేఫ్టీ వాల్వు మీద. బాయిలరు నెత్తిన కూర్చుని, లోపల ఒత్తిడి హద్దు దాటితే తెరుచుకుని ఆవిరిని బయటికి వదిలే ఇత్తడి సామాను అది. అది పనిచేస్తే మిల్లువాళ్లకు కంటగింపు. కోదాడలో పుల్లారావు అనే బాయిలర్ ఆపరేటరు ఒకసారి నాతో దాపరికం లేకుండా అన్నాడు: "వాల్వు కాదండీ అది, చిల్లికుండ. ఇంత ఊక తగలేసి ఆవిరి చేస్తే, అదంతా ఆకాశానికి పోస్తది."

నేను అతనికి చాలాసేపు చెప్పాను. ఆవిరి పోకపోతే బాయిలరు పేలుతుందని, పేలితే గోడలు కూడా మిగలవని చెప్పాను. అతను తల ఊపాడు. ఆ ఊపు నాకు బాగా తెలుసు. ఎదుట ఉన్నది అధికారి కనుక తల ఊపడం తప్ప, ఒక్క ముక్క కూడా లోపలికి పోలేదు. ఆ మూడు ఊళ్లలో మంట దగ్గర పనిచేసేవాళ్లలో బాయిలరు పేలగా చూసినవాడు ఒక్కడూ లేడు. చూడనిదాన్ని వాళ్లెందుకు నమ్మాలి? నేను మాత్రం నమ్ముతున్నానా ఎవరినైనా?

కంటికి కనబడేటట్టు ఒక చిన్న ఆవిరి ఇంజను చేసి చూపిస్తే తప్ప లాభం లేదని అప్పుడే అనుకున్నాను.

యాదమ్మ ఇంట్లో గొట్టాలు

ఇంజనుకు కావలసినవన్నీ పాత సామానులోనే దొరికాయి. పెళ్లి ఊరేగింపుల్లో తలమీద మోసే గ్యాస్ లైటు చూశారు కదా, దాని అడుగున ఉండే ఇత్తడి డబ్బా నా బాయిలరు. గాలి కొడితే తట్టుకునేలా చేసిన డబ్బా అది, పైగా చిన్న మీటరు కూడా దానికే ఉంటుంది. సైకిలు పంపు గొట్టాన్ని కోసి సిలిండరు చేశాను. విరిగిన కుట్టుమిషను చక్రం తిరగడానికి. సైకిలు పుల్ల ఒకటి, రేడియో లోపలి సన్నటి రాగి గొట్టం ఒకటి. సేఫ్టీ వాల్వుకు సైకిలు బాల్ బేరింగు గుండును చిన్న రంధ్రం మీద కూర్చోబెట్టి, పైన టార్చిలైటు స్ప్రింగు అదిమి పెట్టాను.

ఇది చేయాలనుకునేవాళ్లకు కష్టం ఆవిరిని లోపలికి, బయటికి నడిపించే దగ్గర వస్తుంది. నేను తేలిక దారి పట్టాను. సిలిండరును కదలకుండా బిగించకుండా, ఒక మేకు మీద ఊయలలా ఊగనిచ్చాను. ఇటు ఊగినప్పుడు దాని పక్కనున్న రంధ్రం ఆవిరి గొట్టానికి ఎదురుగా వస్తుంది, ఆవిరి లోపలికి పోయి ముషలకాన్ని, అంటే సిలిండరు లోపల ఆడే పిస్టన్‌ను, నెడుతుంది. అటు ఊగినప్పుడు అదే రంధ్రం బయటి గాలికి తెరుచుకుంటుంది. ఇంతే. రెండు ముఖాలూ నున్నగా అతుక్కోవాలి, లేకపోతే ఆవిరంతా పక్కనుంచే పోతుంది. ఆ రెండు ముక్కల్ని గాజు పలక మీద రుద్దీ రుద్దీ నా వేళ్ల చర్మం అరిగింది.

నేను అందరినీ అనుమానించే మనిషిని కదా, ఆ రోజుల్లో నన్ను అనుమానించే వంతు ఊరికి వచ్చింది. మా ఇంటి యజమానురాలు యాదమ్మ పెద్ద వయసు మనిషి, ఒంటరిది. సూర్యాపేట ప్రాంతంలో సాయుధ పోరాట కాలం చూసిన మనిషి ఇనుప గొట్టం కోస్తున్న చప్పుడు వింటే ఊరికే ఉండదు. పైగా అడవుల్లో మళ్లీ తుపాకులు లేచాయని జనం గుసగుసలాడుకుంటున్న రోజులవి. ఆమె కొన్నాళ్లు కిటికీ దగ్గర నిలబడి చూసి పోయేది. తర్వాత ఒక పొద్దున గడప దగ్గర కూర్చుంది.

"సారూ, ఏమనుకోకు," అంది. "గీ ఇంట్ల గొట్టాలు కోసుడు మంచిగ లేదు. మా ఇంటాయన ఉన్నప్పుడు గిట్లనే గొట్టాలున్నయని ఇల్లంత తవ్వి పోయిన్రు. నాకు ఇగ ఓపిక లేదు."

ఆవిరి ఇంజను అని చెప్పాను. రైలు ఇంజనులాంటిదే, చిన్నది అన్నాను. ఆమె నా వైపు, నేల మీది సామాను వైపు చూసి లేచిపోయింది. మర్నాడు ఒక కానిస్టేబులు వచ్చాడు. నేను ప్రభుత్వోద్యోగినని చెబితే అతని అనుమానం పెరిగిందే గాని తగ్గలేదు. నడిపి చూపించమన్నాడు. స్టవ్వు వెలిగించాను. నీళ్లు కాగాయి, డబ్బా బుసకొట్టింది, చక్రం కదలలేదు. సిలిండరు లోపలి తోలు వాషరు ఆవిరికి నాని ముద్దయిపోయింది. అతను డబ్బాకు దూరంగా జరిగి, ఊళ్లోంచి ఎక్కడికైనా పోతే చెప్పి పొమ్మని నాకు చెప్పి వెళ్లాడు. నెలలో సగం రోజులు ఊళ్లు తిరిగే ఉద్యోగం నాది.

తోలు పనికిరాదని తేలింది కనుక ముషలకాన్ని ఇత్తడితోనే తయారు చేయాలి. దానికి దళసరి ఇత్తడి ముక్క కావాలి. అందుకోసమే ఎండలు ముదిరిన ఒక రోజు నేను మళ్లీ లతీఫ్ భాయి దుకాణానికి వెళ్లాను.

లతీఫ్ భాయి మరపు

లతీఫ్ భాయి పాత ఇనుప సామాను కొని అమ్మేవాడు. నా ఇంజనులో సగం భాగాలు అతని కుప్పలోవే. ఇన్‌స్పెక్టరు సారు బొమ్మ ఇంజను చేస్తున్నాడని, ఇత్తడి కోసం తిరుగుతున్నాడని అతనే అందరికీ చెప్పుకునేవాడు. మిల్లుల నుంచి తుక్కు తెచ్చేవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు.

ఆ రోజు ఇత్తడి కుప్ప వెతకనక్కరలేకపోయింది. తరాజు పక్కనే, అన్నిటికీ పైన, పెద్ద ఇత్తడి సామాను ఒకటి ఉంది. చేతిలోకి తీసుకుని తిప్పి చూశాను. అది బాయిలరు సేఫ్టీ వాల్వు. పాతదే కాని పాడైనది కాదు. లోపలి ముఖం శుభ్రంగా ఉంది, స్ప్రింగు బలంగా ఉంది. అంచుల్లో ఊక బూడిద ఇంకా రాలుతోంది. అంటే నా పరిధిలో ఎక్కడో ఒక బాయిలరు దీన్ని పోగొట్టుకుని కూడా మండుతూ ఉండవచ్చు.

ఎవరు తెచ్చారని అడిగాను.

"యాదికి లేదు సారూ," అన్నాడు లతీఫ్ భాయి. "దినాం ఎంతమందో వస్తరు. ఎవ్వలనని యాదుంచుకోవాలె?"

ఏ స్ప్రింగు ఏ లారీ నుంచి ఊడిందో చెప్పగలిగే మనిషి అతను. అబద్ధమాడుతున్నాడని నాకు స్పష్టంగా తెలిసింది. ఎందుకన్నది తెలియలేదు. దొంగసొత్తు కొన్నాడనుకున్నాను. గట్టిగా అడిగితే వినయం పెరిగింది తప్ప జవాబు రాలేదు. వాల్వు తీసుకుని వచ్చేశాను.

అలాంటి వాల్వు కోస్తా నుంచి తెచ్చిన పాత బాయిలర్లకే సరిపోతుంది. నాకు మొదట తట్టినవాడు కోదాడ పుల్లారావు. చిల్లికుండ అన్న నోరు అది. చెప్పకుండా వెళ్లాను. వాల్వు ఉన్నచోటే ఉంది, నా కళ్లముందే లేచి ఆవిరి వదిలింది కూడా. పుల్లారావు నన్ను చూసి నవ్వాడు. నేను ఎందుకు వచ్చానో అతనికి అర్థమైంది.

అతనికే కాదు, అందరికీ అర్థమైంది. నా జీపు కంటే ముందు కబురు పోయేది. మిర్యాలగూడ వైపు ఏ మిల్లుకు వెళ్లినా ఏదో ఒక కారణంతో ఆ రోజు పని ఆపేసి, బాయిలరు షెడ్డుకు తాళం వేసి ఉండేది. ఒకచోట ఒడ్లు రాలేదన్నారు, ఇంకోచోట కూలీలు పెళ్లికి పోయారన్నారు. సాగర్ రోడ్డు మీద రామలింగం సేటు మిల్లుకైతే గేటుకే తాళం వేసి ఉంది. సేటు ఇంటి నుంచి వచ్చి, తాళంచెవి గుమస్తా పట్టుకుపోయాడని నొచ్చుకున్నాడు. ఎప్పుడూ నెమ్మదిగా మాట్లాడే పెద్దమనిషి. నాకు అతని మీద అనుమానం కలిగింది. కానీ అప్పటికి నాకు అందరిమీదా అంతే అనుమానం ఉంది, కనుక దానికి విలువ లేదు. కొత్తవాళ్లు ఇది గుర్తుంచుకోండి. అందరినీ సమానంగా అనుమానించేవాడు ఎవరినీ పట్టుకోలేడు.

బాయిలర్లను చూడలేకపోతే వాటి దగ్గర పనిచేసే మనుషుల్ని చూద్దామనుకున్నాను.

రేకుల షెడ్డులో

మిర్యాలగూడ మార్కెట్ యార్డులో ఖాళీ షెడ్డు ఒకటి అడిగి తీసుకుని, చుట్టుపక్కల మిల్లుల బాయిలర్ ఆపరేటర్లందరినీ రమ్మని కబురు పెట్టాను. బాయిలరు ఎలా పనిచేస్తుందో నేర్పిస్తానన్నాను. రానివాళ్ల మిల్లుకు ముందుగా వస్తానని కూడా అన్నాను. అందరూ వచ్చారు. రామలింగం సేటు తాను రాలేదు గాని ఆపరేటరు సైదులును పంపి, అందరికీ సోడాలు పంపించాడు.

ఇంజను అప్పటికి నడుస్తోంది. ఇత్తడి ముషలకం వేశాక చక్రం ఆగకుండా తిరిగింది. మొదటిసారి తిరిగిన రోజు యాదమ్మను పిలిచి చూపిస్తే, కాసేపు చూసి, "గింతకేనా సారూ ఇన్నొద్దులు?" అని పోయింది. ఆమె అనుమానం తీరింది కాని, నామీద గౌరవం కూడా అక్కడితో తీరిపోయింది.

షెడ్డులో బల్ల మీద ఇంజను పెట్టి, దాని పక్కనే లతీఫ్ భాయి దగ్గర దొరికిన వాల్వు పెట్టాను. దాని గురించి ఒక్క మాటా అనలేదు. వచ్చినవాళ్లందరూ దాన్ని చూశారు, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సైదులు మాత్రం అటువైపు చూడలేదు. సన్నగా, ఎండిపోయినట్టుండే మనిషి. చివరిదాకా ఇంజనునే చూస్తూ కూర్చున్నాడు. చూడని ఆ ఒక్కడి మీదే నా కన్ను పడింది.

స్టవ్వు వెలిగించాను. చక్రం తిరిగింది. నవ్వులు మొదలయ్యాయి. నీళ్లు ఇంకా కాగనిచ్చాను. కాసేపటికి బేరింగు గుండు లేచి సన్నగా ఆవిరి వదిలింది. ఇదే మీరు చిల్లికుండ అనేది అన్నాను. మళ్లీ నవ్వారు. అప్పుడు ఆ గుండును రాగి తీగతో బిగించి కట్టేశాను. చక్రాన్ని ఆపి, ఆవిరికి బయటికి దారి లేకుండా చేశాను. అందరినీ ఊక బస్తాల అడ్డం వెనక్కి పంపి నేనూ వెళ్లాను.

కొంతసేపు ఏమీ కాలేదు. ఎవరో బీడీ వెలిగించారు. ఇంతలో పిడుగు పడ్డట్టు చప్పుడైంది. షెడ్డంతా తెల్లటి ఆవిరి. డబ్బా అడుగున టంకం పెట్టి అతికిన మాటు ఊడి, డబ్బా పైకి లేచి పైకప్పు రేకును చీల్చి అక్కడే ఇరుక్కుంది. స్టవ్వు ముక్కలు బస్తాల్లో దిగబడ్డాయి. మాటు కొద్దిగా విచ్చుకుని నీళ్లు చిమ్ముతాయని మాత్రమే నేను అనుకున్నాను. మీరెవరూ ఇలా చేయకండి. డబ్బాలో ఉన్నవి చెంబెడు నీళ్లు.

ఆవిరి విడిపోయింది. నేను సైదులు కోసం చూశాను. అతను లేడు. బయటికి వచ్చి చూస్తే సాగర్ రోడ్డు వైపు పరుగెత్తుతున్నాడు. దొరికాడు దొంగ అనుకున్నాను. జీపు ఎక్కి అతని వెనకే పోనిమ్మన్నాను.

ఆకుపచ్చ రంగు

ఒడ్ల బండ్ల మధ్య ఇరుక్కున్న జీపులో నేను వెళ్లేసరికి రామలింగం సేటు మిల్లు గేటు బార్లా తెరిచి ఉంది. సైదులు బాయిలరు పొయ్యి ముందు నిలబడి, పొడుగాటి ఇనుప పారతో మండుతున్న ఊకను బయటికి లాగుతున్నాడు. ఇంకొకడు దానిమీద నీళ్లు చల్లుతున్నాడు. ఒడ్లు ఆరబోసే గచ్చు మీది ఆడవాళ్లంతా దూరంగా రోడ్డు దగ్గర గుంపుగా ఉన్నారు. వాళ్లలో అతని భార్య కూడా ఉందని తర్వాత తెలిసింది. అతను లోపలికి రాగానే మొదట వాళ్లను తరిమి, ఆ తర్వాతే మంట దగ్గరికి పోయాడట.

బాయిలరు చల్లారాక పైకి ఎక్కాను. వాల్వు ఉండాల్సిన చోట ఇనుప ప్లేటు బిగించి ఉంది.

సేటు కింద నిలబడి ఉన్నాడు. ఆయన గొంతు కూడా పెంచలేదు.

"దాసేదేముంది సారూ," అన్నాడు. "వాల్వు దొంగతనం పోయింది. గీ సైదులే అమ్ముకున్నడు. సీజన్ నడుమ పని ఆపలేక ప్లేటు ఏయించిన. తప్పే. కని ముందుగాల దొంగను అడుగున్రి."

నేను సైదులు వైపు చూశాను. వాల్వు తీసుకుపోయింది నువ్వేనా అని అడిగాను.

"నేనే సారూ," అన్నాడు.

ఇక తేలిపోయిందనే అనుకున్నాను. వాల్వు దొరికింది, తీసినవాడు ఒప్పుకున్నాడు. సేటు చెప్పిన కథ అన్నివైపులా అతికింది. అలా అతికే కథ విన్నప్పుడే మళ్లీ నిచ్చెన ఎక్కాలి. నేను మళ్లీ ఎక్కాను.

ఆ బాయిలరుకు ఆకుపచ్చ రంగు వేసి ఉంది. మిల్లుల్లో దసరా ఆయుధపూజకు మిషన్లకు రంగు వేయడం ఆనవాయితీ. ప్లేటు మీద కూడా అదే రంగు, బోల్టుల తలల మీద కూడా అదే. బాయిలరు నుంచి ప్లేటు మీదికి, ప్లేటు నుంచి బోల్టుల మీదికి ఒకే పూతగా ఉంది, ఎక్కడా పగల్లేదు. మధ్యలో ఎప్పుడు బోల్టు విప్పినా ఆ పూత పగిలేది. అంటే దసరా నాటికే ప్లేటు అక్కడ ఉంది. వాల్వు లతీఫ్ భాయి దుకాణానికి చేరింది ఎండలు ముదిరాక. అంటే సైదులు తీసుకుపోయింది బాయిలరు మీది వాల్వు కాదు. అప్పటికే తీసి గోదాములో పెట్టిన వాల్వు. మళ్లీ నేను తనిఖీకి వచ్చే రోజున బిగించడానికి దాచిన వాల్వు.

ఆ మాట కిందికి దిగి చెప్పాను. సేటు, ఎండ బాగా ఉంది, భోజనం చేసి మాట్లాడుకుందామన్నాడు. నేను బాయిలరుకు సీలు వేసి వచ్చేశాను.

ఆయన అంతటితో వదల్లేదు. సైదులు మీద పోలీసులకు దొంగతనం ఫిర్యాదు ఇచ్చాడు. సైదులును స్టేషనుకు పిలిచి కూర్చోబెట్టారు. నేను వెళ్లి రంగు సంగతి చెప్పాను. దొంగతనం కేసు నడవాలంటే, వాల్వు గోదాములో ఎందుకుందో సేటే కోర్టులో చెప్పుకోవాల్సి ఉంటుందని కూడా గుర్తుచేశాను. ఫిర్యాదు వెనక్కి పోయింది. సైదులు ఉద్యోగం మాత్రం వెనక్కి రాలేదు. మిర్యాలగూడలో ఇంకే మిల్లూ అతన్ని తీసుకోలేదు. సేటు కొత్త వాల్వు పెట్టించి పొయ్యి మళ్లీ వెలిగించాడు. ఆయనకు ఇంకేమీ కాలేదు. పేలని బాయిలరుకు ఎవరినీ ఎవరూ శిక్షించరు. ఈ ఉద్యోగంలో మీరు సాధించేది ఎప్పుడూ కంటికి కనబడదు, దానికి సిద్ధపడి రండి.

కోదాడలో

పోయిన ఇంజను మళ్లీ చేద్దామని కొన్నాళ్లకు లతీఫ్ భాయి దగ్గరికి వెళ్లాను. డబ్బా వెతుకుతూ, సైదులు సంగతి నీకు ముందే తెలుసు కదా అన్నాను. ఎంతకు అమ్మాడని అడిగాను. ఈసారి అతనికి అంతా గుర్తుంది.

"అమ్మలేదు సారూ. పైసలియ్యబోతే తీస్కోలే. సారు ఇత్తడి కోసం వస్తడు కదా, కండ్లబడేటట్టు పైన పెట్టు, నా పేరు మాత్రం చెప్పకు అన్నడు. ఒట్టేసిన. అందుకే యాదికి లేదన్న."

స్టేషనులో కూర్చోబెట్టినప్పుడు కూడా సైదులు ఈ మాట చెప్పలేదు. చెబితే యజమాని మీద అధికారికి చాడీ చెప్పినవాడవుతాడు. దొంగ అనిపించుకుంటే ఎక్కడైనా పని దొరకవచ్చు గాని, అలాంటివాణ్ని ఏ మిల్లూ గేటు దాటనివ్వదని అతని లెక్క అయి ఉంటుంది.

తర్వాతి సంవత్సరం కోదాడకు వెళ్లినప్పుడు పుల్లారావు పక్కన సైదులు కనిపించాడు. పుల్లారావే యజమానితో మాట్లాడి పనిలో పెట్టించాడట. అందులో నాకు ఏ ఎత్తూ కనబడలేదు, వెతికినా కనబడలేదు. బాయిలరు మంట మీద ఉంది. ఇద్దరం దాని పక్కన నిలబడ్డాం. అంత చాటుగా వాల్వు పంపడం దేనికి, నేరుగా నా దగ్గరికే వచ్చి చెప్పాల్సింది కదా అన్నాను.

అతను మంట వైపే చూస్తూ అన్నాడు: "వచ్చి చెప్తే నమ్మేటోళ్లా సారూ?"

ఆలోచించాను. వచ్చి చెప్పి ఉంటే, యజమాని మీద పగతో చెబుతున్నాడనుకునేవాణ్ని. ఇతని వెనక ఇంకెవరున్నారా అని ఆరా తీసేవాణ్ని. ఈలోపు వాల్వు మళ్లీ బాయిలరెక్కి కూర్చునేది.

"నమ్మేవాణ్ని కాదు," అన్నాను.

సైదులు తల ఊపాడు. చెయ్యి చాచి వాల్వుకు కట్టిన గొలుసు లాగాడు. ఆవిరి పెద్ద చప్పుడుతో పైకి లేచింది. అది ఆగేదాకా మాకు మాట్లాడుకోవడానికి వీలు కాలేదు.